సోనా ఉన్న తోట

ఫోటో ఇవ్వనని బుచ్చిరాములు మూడోసారి చెప్పాడు.

గట్టిగా చెప్పలేదు. గడప పక్కన పీట మీద కూర్చుని బూటుకు పాలిష్ రుద్దుతూ, తల ఎత్తకుండా, "అది దొరకది మేడమ్" అన్నాడు. హరిణి ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని ఉంది. చేతిలో టీ చల్లారిపోతోంది. సినిమా యూనిట్‌లో ఆమె అసిస్టెంట్ డైరెక్టరు. ఆ ఫోటో తీసుకుని గానీ రావద్దని డైరెక్టరు చలపతిరావు చెప్పి పంపాడు.

"దొరకకపోవడమేంటి అంకుల్? ట్రంకుపెట్టెలో ఉందని దీప చెప్పింది కదా."

"ఉండె. ఎలుకలు కొరికినయి."

"ఇనుప పెట్టెల ఎలుకలు ఎట్ల జొర్రుతయి డాడీ!" లోపల తల దువ్వుకుంటున్న దీప దువ్వెనతో సహా గుమ్మంలోకి వచ్చింది. "ఇయ్యబుద్ధి కాకుంటే కాదని చెప్పు. ఎలుకల మీద పెడ్తవేంది?"

బుచ్చిరాములు రెండో బూటు అందుకున్నాడు. గుడ్డను రెండు వేళ్ళకు చుట్టి, ముందు మడమ, తర్వాత అంచులు, చివర ముక్కు. సైన్యంలోంచి వచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ వరస మారలేదు. ఇప్పుడు నాచారం పారిశ్రామికవాడలో ఒక పైపుల ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ. పదిహేను రోజుల కిందట ఆ గేటు ముందే షూటింగు పెట్టారు. సినిమాలో నటించే కుక్క వ్యాను దిగనని మొరాయిస్తే యూనిట్ మొత్తం ఎండలో నిలబడింది. బుచ్చిరాములు కుర్చీలోంచి లేచి, అరచెయ్యి చూపించి ఒక్క మాట అన్నాడు. కుక్క దిగి అతని ఎడమకాలి పక్కన కూర్చుంది. మర్నాడే చలపతిరావు ఫ్యాక్టరీ మేనేజరుతో మాట్లాడి అతన్ని స్టూడియోకు తీసుకుపోయాడు.

సినిమా కథ కూడా కుక్కదే. మిలిటరీ నుంచి రిటైరైన కుక్క ఒకటి ఒక కుటుంబానికి చేరుతుంది. మాట్లాడని పాపతో మాట్లాడిస్తుంది. విడిపోదామనుకున్న మొగుడూ పెళ్ళాలను కలుపుతుంది. చివర ఏం చూపించాలో తేలక కొట్టుకుంటున్న చలపతిరావుకు, తండ్రికి టిఫిన్ ఇవ్వడానికి వెళ్ళిన దీప సోనా కథ చెప్పింది. చిన్నప్పటినుంచి వంద సార్లు విన్న కథ. సోనా మందుపాతరలు వాసన పట్టే కుక్క. డాడీయే దానికి పని నేర్పి వెంట తిప్పే హ్యాండ్లర్. ముసలిదయ్యాక దాన్ని కొండల దగ్గర ఒక తోటకు పంపారు. తోటనిండా జామచెట్లు. పొద్దున పాలు, సాయంత్రం గుడ్డు. ఎండకు చెట్టు కింద పడుకునేది. అక్కడే నిద్రలో పోయింది.

"నాకీ ముగింపు చాలమ్మా!" అని చలపతిరావు చప్పట్లు కొట్టాడట. సినిమా అయిపోయాక తెర మీద బుచ్చిరాములూ సోనా ఉన్న అసలు ఫోటో, కింద రెండు వాక్యాలు. ఇది నిజంగా జరిగిన కథ అని.

"ఫోటో ఇయ్యుమంటే నీ ఒంట్లకెల్లి మాంసం కోసియ్యుమన్నట్టు జేస్తున్నవు" అంది బుచ్చిరాములు భార్య లక్ష్మీనర్సమ్మ, గోడకు ఆనుకుని మల్లెమొగ్గలు మాల కడుతూ. పొద్దున ఆరింటి నుంచి రెండు దాకా ఉప్పల్‌లో ఒక నర్సింగ్ హోంలో ఆయా పని. నడుం నొప్పికి గోడ ఆసరా లేకుండా కూర్చోలేదు. "పోరి కాలేజీల అందరికీ చెప్పుకున్నది. సినిమాల మా డాడీ ఫోటో ఒస్తదని."

"నేను చెప్పుమన్ననా?"

"అగో, ఇంట్ల చెప్పిన కథనే బయట చెప్పింది. దాచుకునే కథనా అది? చెయ్యరాని పని జేసినవా?"

బుచ్చిరాములు గుడ్డ మడిచి డబ్బాలో పెట్టాడు. బూట్లు రెండూ గోడవార సమంగా నిలబెట్టి, బయటికి వెళ్ళాడు. సందు మలుపులో వీధికుక్క ఒకటి లేచి అతని వెనక రెండడుగులు వేసింది. అతను వెనక్కి చూడలేదు. ఎప్పుడూ చూడడు. ఇన్నేళ్ళలో ఏ కుక్కకూ ఒక్క బుక్క వెయ్యలేదు. ఇంటి ముందుకు వస్తే చీపురు తీసేవాడు. మిలిటరీలో కుక్కలతో పన్నెండేళ్ళు చేసి విసిగిపోయాడేమోనని లక్ష్మీనర్సమ్మ అనుకునేది.

"ఆయన మొండోడు బిడ్డా" అంది హరిణితో. "నువ్వు ఫికర్ వెట్టుకోకు. రేపు నేను పట్టుకొస్త."

* * *

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి ముఖం కూడా కడుక్కోకుండా ట్రంకుపెట్టె దించింది. తాళం అతని దగ్గరే ఉంటుంది గానీ కొక్కెం ఎప్పుడో వదులైపోయింది. పైన మడతపెట్టిన యూనిఫాం, దాని కింద ప్లాస్టిక్ కవర్లో డిశ్చార్జి కాగితాలు. అడుగున కాన్వాసు గుడ్డతో కుట్టిన వెడల్పాటి బెల్టులాంటిది. మెడకు పెట్టేది కాదు, ఛాతీ చుట్టూ తిప్పి వీపు మీద బిగించేది. ఇత్తడి బకిల్ నల్లబడిపోయింది. దాని మడతలో రుమాలు మూట. విప్పితే రబ్బరు బంతి, ఒక వైపంతా పళ్ళ గాట్లు.

ముసలితనంలో కుక్క ఆడుకునే బంతిని తోటకు పంపకుండా ఇక్కడెందుకు తెచ్చాడో ఆమెకు అర్థం కాలేదు. అంతకన్నా ఆలోచించలేదు. డిశ్చార్జి కాగితాల మధ్య ఫోటో దొరికింది. మంచులో మోకాలి మీద కూర్చున్న బుచ్చిరాములు, మీసం నల్లగా, దవడలు గట్టిగా. పక్కన తేనెరంగు కుక్క, అతని వైపే చూస్తూ. వెనకాల అతని చేతిరాత: సోనా, 2002. ఫోటోను టిఫిన్ సంచిలో పప్పుగిన్నె తగలకుండా నిలబెట్టి స్టూడియోకు బయల్దేరింది.

లోపల ఒక ఇల్లు వేశారు. ముందు గది, వంటగది, మెట్లు, అన్నీ ఉన్నాయి, వెనక గోడ తప్ప. గోడ ఉండాల్సిన చోట కెమెరా, ఫ్యాన్లు, నలభైమంది మనుషులు. బుచ్చిరాములు సోఫా పక్కన కూర్చుని కుక్కను దువ్వుతున్నాడు. పోచారం వైపు ఎవరో సాఫ్ట్‌వేరు వాళ్ళ కుక్క అది, బ్రూనో. ఎనిమిదేళ్ళది, మూతి తెల్లబడింది, బాగా తిని బలిసింది. అతను ముందు చేతివేళ్ళతో ఎదురు దువ్వి, తర్వాత గట్టి బ్రష్, తర్వాత మెత్తటి బ్రష్ వాడాడు. చెవులు తిప్పి చూసి, ఒక్కొక్క పాదం ఎత్తి వేళ్ళ సందుల్లో వెతికాడు. నాచారం సందుల్లో చీపురు పట్టుకున్న మనిషేనా ఇతను అనిపించింది ఆమెకు.

కాస్ట్యూమ్ మనిషి ఆకుపచ్చ హార్నెస్ తెచ్చి కుక్కకు తొడగబోయాడు. ట్రంకుపెట్టెలో చూసినదానిలాంటిదే, కొత్తది.

"ఇప్పుడొద్దు" అన్నాడు బుచ్చిరాములు.

"ఏంటయ్యా మళ్ళీ?" మానిటర్ ముందు నుంచి చలపతిరావు అరిచాడు. "అది లేకపోతే మిలిటరీ కుక్కని జనానికి ఎలా తెలుస్తుంది?"

"సార్, ఇది ఏస్తే డ్యూటీ. తీస్తే సెలవు. కుక్కకు గంతే తెలుసు. ఏసుకున్నంక అది తినది, పండుకోది, ఆడది. పక్కన బాంబు పేలినా కదలది. పని అయినంక ఇది ఇప్పాలె, బాల్ ఎయ్యాలె. గది దాని జీతం. నేను ఇరవై దినాల సంది దీనికి అట్లనే నేర్పిన. మీ సీన్ల పాప పక్కన పండుకోవాలె గద? అందుకే ఒద్దంటున్న."

"ఇరవై రోజులెక్కడివి, పదిహేనే అయింది" అన్నాడు ఎవరో. నలుగురూ నవ్వారు. చలపతిరావు కూడా నవ్వి, "సరే, బాసువి నువ్వే" అన్నాడు. కుక్క పాప పక్కన పడుకుంది. కట్ చెప్పగానే బుచ్చిరాములు జేబులోంచి టెన్నిస్ బంతి తీసి విసిరాడు.

లక్ష్మీనర్సమ్మ హరిణిని పక్కకు పిలిచి ఫోటో ఇచ్చింది.

"అబ్బ! ఎంత బాగున్నారు అక్కా ఇద్దరూ!" హరిణి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "రేపు సాయంత్రం ల్యాబ్‌కు పంపుతాను. వాళ్ళు స్కాన్ చేసి ఇచ్చేస్తారు. కింద వేసే మాటలు కూడా రాసేశాం, వినండి." ఫైలు తీసి చదివింది. "దేశం కోసం ప్రాణాలకు తెగించి, తన చివరి రోజులు పచ్చని తోటలో హాయిగా గడిపిన సోనాకు, దాన్ని కన్నబిడ్డలా సాగనంపిన బుచ్చిరాములుకు."

"మస్తున్నది" అంది లక్ష్మీనర్సమ్మ. కళ్ళు చెమర్చాయి. సినిమా చూసి వచ్చే జనం అతని పేరు చదువుతారు. గేటు దగ్గర లారీ డ్రైవర్లు ఏయ్ వాచ్‌మన్ అని పిలిచే మనిషి పేరు.

* * *

బుధవారం ఆమెకు వారపు సెలవు. దీపను కూడా తీసుకుని స్టూడియోకు వెళ్ళింది. ఆ రోజు సీను, ముసలి కుక్కకు జ్వరం. డాక్టరు ఇంటికి వచ్చి సూది వేస్తాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఏడవాలి. తర్వాత కుక్క కళ్ళు తెరుస్తుంది.

కుక్కకు సూది నచ్చలేదు. సూది లేని ఉత్త సిరంజే అది. కానీ డాక్టరు వేషగాడు వంగగానే బ్రూనో కాలు లాక్కుని సోఫా కిందికి దూరింది. ఆరుసార్లు అదే. పాప నిజంగానే ఏడవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం కరెంటు పోతుందని ఎవరో అంటున్నారు.

"బుచ్చిరాములూ, నువ్వే పట్టుకో" అన్నాడు చలపతిరావు. "నీ ముఖం రాదు. చేతులొక్కటే ఫ్రేములో ఉంటాయి. హీరో చొక్కా వేసుకో."

"నేనొద్దు సార్."

"ఒద్దంటే ఎలా? నీకు తప్ప ఎవరికి లొంగుతుంది అది?"

"ఒద్దు సార్. ఇంకేదన్న చెప్పున్రి, జేస్త."

"డాడీ, పో!" దీప వెనకనుంచి అతన్ని మెల్లగా నెట్టింది. "సినిమాల నీ చేతులు పడ్తయి. ఏం సిగ్గు?"

అతను కూతురి వైపు చూశాడు. చొక్కా అందుకుని వేసుకున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు కాస్ట్యూమ్ మనిషి వైపు చెయ్యి చాపాడు.

"ఆ హార్నెస్ ఇయ్యి."

"నిన్న వద్దన్నావుగా?"

"ఇయ్యి. అది ఏస్తే నిలవడ్తది."

బకిల్ పడిన చప్పుడు వినగానే బ్రూనో ఒళ్ళు మారిపోయింది. చెవులు నిలబడ్డాయి, తోక ఆగింది. బుచ్చిరాములు దాని వెనక మోకాలి మీద కూర్చున్నాడు. ఎడమచెయ్యి మెడ కిందుగా తిప్పి, దాని గడ్డాన్ని తన భుజం మీదికి ఎత్తాడు. కుడిచేత్తో ముందుకాలు మోచిప్ప వెనకగా పట్టి ముందుకు చాపాడు. బొటనవేలు కాలి మీదుగా వేసి, నొక్కి, కొంచెం బయటికి తిప్పాడు.

లక్ష్మీనర్సమ్మ ముందుకు జరిగింది.

ఆ పట్టు ఆమెకు తెలుసు. నర్సింగ్ హోంలో చేతికి కట్టే రబ్బరు పట్టీ కనపడనప్పుడు సిస్టరు, "నర్సమ్మా, పట్టు" అంటుంది. చిన్నపిల్లల చేతులు, ముసలివాళ్ళ ఎండిన చేతులు, రోజుకు పది. బొటనవేలితో నొక్కి తిప్పితే నరం పైకి లేస్తుంది. జ్వరం సూదికి నరం అక్కర్లేదు. ఉత్త సిరంజికి అసలే అక్కర్లేదు. ఇక్కడ ఎవరూ అతనికి నరం లేపమని చెప్పలేదు.

డాక్టరు వేషగాడు సిరంజి ఆనించాడు. కుక్క కదల్లేదు. సిరంజి ఆనిన క్షణానికి సరిగ్గా బుచ్చిరాములు బొటనవేలు వదులు చేశాడు. మందు నరంలోకి పోవాలంటే పట్టు వదలాలి. అది కూడా ఆమెకు తెలుసు. అతని పెదవులు కుక్క చెవిలో ఏదో అంటున్నాయి, ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ. తర్వాత ఎడమచెయ్యి మెల్లగా దిగింది. కుక్క తల బరువెక్కిపోయినట్టు దాన్ని అరచేతిలో మోస్తూ, తొందర లేకుండా నేల మీదికి దించాడు. కింద పెట్టి, ఆ చేత్తోనే దాని కళ్ళ మీదుగా నిమిరాడు.

బ్రూనో తల విదిలించుకుని పైకెత్తి, అర్థంకానట్టు అతని ముఖం చూసింది.

"కట్! కట్!" చలపతిరావు నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఏమయ్యా, జ్వరం సూదయ్యా అది! దాన్ని చంపేస్తున్నావేంటి?"

సెట్టంతా నవ్వింది. దీప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. బుచ్చిరాములు లేచి నిలబడ్డాడు. హీరో చొక్కా వేసుకునే, ఎవరి వైపూ చూడకుండా బయటి కుళాయి దగ్గరికి నడిచి చేతులు కడుక్కున్నాడు. మోచేతుల దాకా కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు.

సెట్టు మధ్యలో హార్నెస్ వేసుకున్న కుక్క అలాగే నిలబడి ఉంది, అతను వెళ్ళిన గుమ్మం వైపు చూస్తూ. అతను బంతి వెయ్యలేదు.

లక్ష్మీనర్సమ్మ కేబుళ్ళ పెట్టె మీద కూలబడింది. యూనిఫాం కింద రుమాలు మూట గుర్తొచ్చింది. తోటకు పోని బంతి. సోనా పోయిన ఏడాది అతను సెలవుకు వచ్చినప్పుడు ఏడేళ్ళ దీప గుమ్మంలోనే అడిగింది, "సోనా ఏది డాడీ?" అని. అతను బ్యాగు దించకుండానే జామచెట్ల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. చెయ్యరాని పని జేసినవా అని మొన్న తనే అడిగింది.

లేచి హరిణి కోసం వెతికింది. మేకప్ గది బయట, ఫైలు చంకలో పెట్టుకుని ఫోనులో మాట్లాడుతోంది. ఫోను పెట్టేదాకా ఎదురుగా నిలబడింది.

"ఫోటో ఇయ్యి బిడ్డా."

"ఇస్తాను అక్కా, స్కాన్ అవగానే. సాయంత్రం ల్యాబ్ కుర్రాడు..."

"స్కానొద్దు. ఇప్పుడే ఇయ్యి."

"అదేంటక్కా! మీరే కదా ఇచ్చారు?"

"ఇచ్చిన. తప్పు ఫోటో ఇచ్చిన. అది ఆ కుక్క కాదు."

హరిణి ఫైలు తెరిచి ఫోటో తిప్పింది. "వెనకాల సోనా అని రాసుంది కదా. అంకుల్ రాతే కదా ఇది?" ఆమె గొంతు తగ్గించింది. "డైరెక్టరు గారు నన్ను చంపేస్తారు అక్కా. రేపు ప్రెస్ వాళ్ళక్కూడా ఇదే చెప్పబోతున్నారు. అంకుల్ ఏమన్నా అన్నారా?"

"ఆయన ఏమనలే. ఆయనకు తెల్వది కూడ." లక్ష్మీనర్సమ్మ చెయ్యి చాపి అలాగే ఉంచింది. "నీ డైరెక్టరుకు నా పేరే చెప్పు. ఆయన పెండ్లాం గయ్యాళిది, లొల్లి వెట్టి గుంజుకపోయిందని చెప్పు. కింద రాసిన మాటలు సుత తీసెయ్యుమను. మీ కథ మీరు తీసుకోన్రి, మంచిగున్నది. మా పేరు ఒద్దు."

హరిణి ఆమె ముఖం చూసింది. ఏం కనిపించిందో, ఇంకేం అడగకుండా ఫోటో ఇచ్చింది.

* * *

ఇంటికి వచ్చేసరికి దీపకు సంగతి తెలిసిపోయింది. ముందే ఇంటికి వచ్చేసిన ఆమెకు హరిణి ఫోను చేసి చెప్పింది.

"నీకేమన్న పిచ్చా అమ్మా? నువ్వే ఇస్తివి, నువ్వే గుంజుకొస్తివి! నేను కాలేజీల ఏం ముఖం వెట్టుకోవాలె?"

"ఏదో ఒకటి వెట్టుకో. నాకిష్టం లేదు. సినిమాలల్ల మా ఫోటోలొద్దు."

"డాడీ, నువ్వన్న చెప్పు! నీ ఫోటో గద!"

పీట మీద కూర్చున్న బుచ్చిరాములు లక్ష్మీనర్సమ్మ వైపు చూశాడు. ఫోటో పోయిందని గానీ వచ్చిందని గానీ అతనికి అప్పటిదాకా తెలియదు. ఆమె కళ్ళు తిప్పుకుని బియ్యం చాట అందుకుంది.

"ఇంత కుళ్ళు ఏ తల్లికీ ఉండది" అని దీప లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి ఫోనులో ఎవరితోనో మాటలు వినపడ్డాయి. "లేదే, ఫోటో ఎయ్యరంట. మా అమ్మ లొల్లి. అయినా కథ మాత్రం నిజమేనే, మా డాడీ కుక్కదే..."

లక్ష్మీనర్సమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ చాలాసేపు కూర్చుంది. బయట ఇంకా వెలుగుంది. ఉప్పల్ రోడ్డు వైపు నుంచి మెట్రో పిల్లర్ల పని చప్పుడు, నేలను గుద్దుతున్నట్టు, ఆగి ఆగి వస్తోంది. చాట పక్కన పెట్టి, టిఫిన్ సంచిలోంచి ఫోటో తీసి అతని మోకాలి మీద పెట్టింది. పక్కనే గడప మీద కూర్చుంది.

అతను ఫోటోను ముట్టుకోలేదు.

"ఆ దినం సుత ఛాతి బెల్టు ఏసినవా?" అని అడిగింది, లోపలికి వినపడకుండా.

పిల్లర్ల చప్పుడు నాలుగుసార్లు వచ్చి ఆగింది.

"ఏసిన" అన్నాడు. "నడుము పడిపోయింది దానికి. ఎన్క కాళ్ళు గుంజుకుంట నడుస్తుండె. పని చెయ్యనిదాన్ని ఉంచరు, సూదేస్తరు. ఆ కాలంల గట్లనే ఉండె, అక్కడ అందరికీ ఎరుకే. డాక్టరు సాబు మంచోడే, నువ్వు బయట నిలవడు, వేరేటోల్లు పడ్తరు అన్నడు. వేరేటోల్లు పడ్తె గుంజులాడ్తది, భయపడ్తది. నేనే పడ్త అన్న. హార్నెస్ ఏస్తే కదలదని ఏసిన. నెలదినాల సంది ఎయ్యలే గద, బకిల్ చప్పుడు ఇనంగనే లేచి నిలవడ్డది. ఆ కాళ్ళతోని. పని అనుకున్నది."

లక్ష్మీనర్సమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జేబుల బాల్ ఉండె. దానికి ఎరుక, ఉన్నదని. మూతి జేబుకు ఆనిచ్చి చూసింది. అయినంక ఇస్త అన్న."

ఫోటో మోకాలి మీంచి జారబోతే ఆమె పట్టుకుంది. పమిటతో తుడిచింది. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. లోపల దీప ఫోనులో నవ్వుతోంది. కోపం పోయినట్టుంది.

"పోరికి చెప్పకు" అన్నాడు.

"చెప్ప."

చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. బియ్యం అటూ ఇటూ జరిపింది. ఏరాల్సిన రాళ్ళేమీ మిగల్లేదు.

"ఆ తోట ఎట్లుంటదో నాకు సుత మంచిగ చెప్పు" అంది. "నువ్వు చెప్పేటప్పుడు నేను ఎన్నడు సక్కగ ఇనలే. రేపు పోరి నన్ను అడుగుతది. ఇద్దరం ఒక్కతీరు చెప్పాలె గద."

అతను ఆమె వైపు తిరిగాడు. గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకునేటప్పుడు చూసినట్టు, నిదానంగా, ఆమె ముఖమంతా చూశాడు.

"జామచెట్లుంటయి."

"ఎన్ని?"

"పన్నెండు."

"నీళ్ళు?"

"తొట్టి ఉంటది. లోపలికి రాంగనే, ఎడమపక్కకు."

"మరి ఛాతి బెల్టు?"

ఇంతకాలం దీప అడగని సంగతి అది. బుచ్చిరాములు అరచేతులు రెండూ మోకాళ్ళ మీద పరుచుకుని, ఆ చేతుల వైపే చూస్తూ ఆలోచించాడు.

"గేటు కాడనే ఇప్పేస్తరు" అన్నాడు.